నాన్న చుట్టిన టేపు

బండ్లకు కరెంటు పని చేసే మనిషి సొంత బండే పొద్దున్నే మొరాయిస్తే వీధి ఊరుకుంటుందా? ఎదురుగా టైర్ల కొట్టు నడిపే బాబాయ్ చేతులు దులుపుకుంటూ వచ్చి, కారు వెనక భుజం ఆనించాడు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదేనమ్మాయ్!" అంటూ నెట్టాడు. నెడుతూనే నవ్వాడు. రోజూ నెట్టించుకుంటున్న ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

స్కూలు వ్యాన్ల షెడ్డు ఊరికి ఆ చివర ఉంది. వ్యాన్లు పిల్లల కోసం బయల్దేరేలోగా వాటి లైట్లు, హారన్లు, బ్యాటరీలు చూడడం ఆమె పని. ఆ రోజు ఆమె వెళ్లేసరికి సగం వ్యాన్లు వెళ్లిపోయాయి. రోజూ కేకలేసే మేనేజరు ఎందుకో మర్యాదగా మాట్లాడాడు. "రేపు కూడా ఇలాగే అయితే వేరేవాళ్లని చూసుకుంటామండీ," అన్నాడు. ఆ 'అండీ'కే ఆమె గుండె జారింది. ఈ పని పోతే నాన్న పెట్టిన షాపు నిలవదు. షాపు పోతే ఇక ఆమెకు మిగిలేవి వెనకున్న గది, అందులో ఒక మంచం, నాలుగు గోడలు.

మధ్యాహ్నం కారును లోపల పెట్టి, షట్టరు సగం దించి కూర్చుంది. బ్యాటరీ కొత్తదే. ఛార్జింగూ బాగానే ఉంది. అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఏదో చాటుగా కరెంటు తాగేస్తోంది. ఇలాంటి బండి వస్తే నాన్న హుషారు చూడాలి. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయనకి మీటరు లేదు పాపం!" అనేవాడు.

బ్యాటరీ నుంచి ఒక వైరు ఊడదీసి, మధ్యలో మీటరు కలిపింది. తలుపు తెరిచే ఉంచి, దాని గడియను స్క్రూడ్రైవరుతో నొక్కి మూసింది. తలుపులన్నీ మూసేశారనుకుని బండి కాసేపటికి నిద్రపోవాలి. అప్పుడుగానీ దొంగ బయటపడడు. ఈ ఎదురుచూపే ఆమెకు కష్టం. నాన్న ఉన్నప్పుడు ఇది కబుర్ల సమయం. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఆమెతో మాట్లాడే వాళ్లంతా బండి సంగతే మాట్లాడతారు, బండి బాగయ్యాక వెళ్లిపోతారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించే రోజులున్నాయి.

బండి నిద్రపోయింది. మీటరులో అంకె మాత్రం తగ్గలేదు. ఒక్కొక్క ఫ్యూజూ పీకడం మొదలుపెట్టింది. రేడియో ఫ్యూజు తీసింది, లోపలి లైట్లది తీసింది, హారనుది తీసింది. ఒడిలో ఫ్యూజులు కుప్పపడ్డాయి గానీ అంకె చెక్కుచెదరలేదు. అంటే ఎవరో ఫ్యూజుల పెట్టె జోలికి పోకుండా, నేరుగా బ్యాటరీ దగ్గరే వైరు తగిలించారన్నమాట.

"ఏ తలమాసినోడు చేశాడో!" అని పైకే తిట్టింది. బండికి నిప్పంటుకునే అలాంటి పని చేసినవాణ్ణి నాన్న షాపు గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు.

వైరు వెంట చేత్తో తడుముకుంటూ పోయింది. అది ఇంజను వెనక గోడలోని రంధ్రంలో దూరి, స్టీరింగు కింద తేలి, డాష్‌బోర్డు వెనక్కి వెళ్లింది. మూత ఊడదీసి చూస్తే అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా ఉంది. దానిమీద చిన్న దీపం ఆరుతూ వెలుగుతోంది. వైరు అతికినచోట టేపు చుట్టి ఉంది.

ఆ టేపు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. టేపు చివర చిన్న చెవిలా మడతపెట్టి ఉంది. ఈ వీధిలో అలా చుట్టిన మనిషి ఒక్కడే. "రేపు విప్పేది కూడా మనలాంటోళ్లేనమ్మా. వాళ్ల గోళ్లు అరగకూడదు," అంటూ ఆమె చిన్నప్పుడు ఆ మడత నేర్పింది ఆయనే.

ఆ డబ్బా ఏమిటో ఆమెకు తెలుసు. ఎంతమంది బండ్లకు పెట్టలేదు! బండి ఎక్కడ ఆగినా యజమాని ఫోనుకు కబురు పంపుతుంది. దారిలో ఆగిపోయిన బండ్ల కోసం ఒంటరిగా ఎక్కడెక్కడికో వెళ్లేది ఆమె. ఇంజను ఆపి తలుపు మీద చెయ్యి వేసేలోగా ఫోను మోగేది. నడుపుతుండగా ఒక్కసారీ మోగలేదు. "చేరావా?" అనేవాడు నాన్న. ఈయనకేమైనా దివ్యదృష్టి ఉందా అనుకునేది. విసుక్కునేది కూడా. "చేరితే చేరతాను. దానికి ఫోనెందుకు నాన్నా?" అనేది. "ఊరికేనమ్మా," అని పెట్టేసేవాడు.

కూతురు ఫ్యూజులు వెతుకుతుందని ఆయనకు తెలుసు. అందుకే తను జీవితమంతా తిట్టిన పనినే చేసి, నేర్పిన పిల్ల దగ్గరే దాచాడు. దాచినవాడు టేపు చెవి మడవడం మాత్రం మానలేదు. ఏదో ఒక రోజు విప్పేది ఆమేనని కూడా తెలుసన్నమాట.

డబ్బాలోని సిమ్ము గడువు ఈమధ్యే తీరిపోయి ఉంటుంది. కబురు పంపడానికి దారి దొరక్క, అది రాత్రింబవళ్లు సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీని పీల్చేసింది.

"చెప్పొచ్చుగా నాన్నా!" అంది కోపంగా. ఆ కోపం వెనకే ఏడుపు వచ్చింది. సగం దించిన షట్టరు వెనక ఎవరూ చూడరు గనక బాగా ఏడ్చింది.

సిమ్ము మళ్లీ వేయించొచ్చు. నాన్న ఫోను సొరుగులోనే ఉంది. కానీ అది పట్టుకుని కూర్చునేవాళ్లెవరు? టేపు చెవి పట్టుకుని లాగింది. గోరుతో పనే లేకుండా ఊడి వచ్చింది. డబ్బాను విడదీయగానే దీపం ఆరింది, మీటరు దాదాపు సున్నాకు దిగింది. ఖాళీ అయిన వైరు కొసకు కొత్త టేపు చుట్టింది. ఇక దాన్ని విప్పేవాళ్లంటూ ఎవరూ లేరు. అయినా చివర మడతపెట్టింది.

మర్నాడు బాబాయ్ అలవాటుగా వచ్చి భుజం ఆనించాడు. తాళం తిప్పగానే బండి ముందుకు దూకింది. ఆయన తూలి నిలదొక్కుకుని, "చెప్పి కదలొచ్చు కదమ్మాయ్!" అని అరిచాడు.

మేనేజరు కంటే ముందే షెడ్డుకు చేరింది. ఇంజను ఆపింది. చెయ్యి తలుపు మీదికి పోలేదు, ఫోను మీదికి పోయింది. అది మోగదని తెలిసీ కాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత తనే ఒక నంబరు నొక్కింది.

"బాబాయ్, చేరాను."

"చేరితే చేరావులే. దానికి ఫోనెందుకమ్మాయ్?"

ఆమె చెయ్యి ఇప్పుడు తలుపు మీదికి వెళ్లింది.

"ఊరికే బాబాయ్," అంది.