స్ట్రక్ ఏ పేజీలో ఉంది

1998లో విజయవాడలోని మా చేనేత చీరల గోడౌనుకు కంప్యూటర్ వచ్చింది. దానితోపాటు స్టాకు సాఫ్ట్‌వేర్ గురించి ఆరు లావుపాటి మాన్యువల్స్ కూడా దిగాయి.

ఆ రోజు చీరల నంబర్లు ఎక్కిస్తుంటే స్క్రీన్ ఉన్నట్టుండి కదలడం మానేసింది.

"ఏమైంది, సనోబర్ గారూ?" అన్నారు మేనేజరు భావనారాయణ గారు.

"స్ట్రక్ అయిందండీ. పుస్తకం చూస్తాను."

ఆరో పుస్తకం చివర ఉన్న పట్టికలో ఎస్ అక్షరం కింద వెతికాను. స్ట్రక్చర్ ఉంది గానీ స్ట్రక్ లేదు. స్క్రీన్ అన్న మాట దగ్గర మూడో పుస్తకం చూడమన్నారు. అందులో ఒకటో పుస్తకం చూడమన్నారు. ఒకటో దాంట్లో, ఈ సాఫ్ట్‌వేర్ కొన్నందుకు మాకు అభినందనలు తెలిపారు. మధ్యాహ్నం దాకా తిరగేసి, ఒళ్లు మండి, హైదరాబాదులోని కంపెనీకి ఫోన్ చేశాను.

"స్క్రీన్ కదలట్లేదా? అయితే స్ట్రక్ అయి ఉంటుందండీ," అన్నాడు ఫోన్ ఎత్తినతను.

"మీరూ ఆ మాటే అంటున్నారుగా. మరి మీ పుస్తకంలో ఎందుకు లేదండీ?"

అవతల పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"స్ట్రక్ మనవాళ్ల మాటండీ. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కదండీ."