ఎడమకాలి కింద ఎర్ర దారం

ఆన్‌లైన్‌లో బొమ్మల కొట్టు పెట్టడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా అని కూతురు మూడు రోజులుగా వెతుకుతోంది. ఆ మూడు రోజులూ తల్లికి ముద్ద దిగలేదు. భయం ఆమెకు కొత్త కాదు. గ్యాస్ కట్టేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకునే మనిషి. ఈసారి మాత్రం భయం అడుగున కక్ష కుతకుతలాడుతోంది.

పదకొండేళ్ళు షాపు మేడమ్ దగ్గర గుడ్డబొమ్మలు కుట్టింది ఆమె. ఒక్క బొమ్మకూ గుండీ పెట్టలేదు. ఏ పసివాడు పీకి నోట్లో వేసుకుంటాడో అని కళ్ళు దారంతోనే కుట్టేది. అక్కడితో ఊరుకుందా? ఏ దూదిలో పురుగుందో, ఏ రంగు గుడ్డకు ఏ పిల్లకి దద్దుర్లొస్తాయో అని ప్రతి బొమ్మ ఎడమకాలి కింద ఎర్ర దారంతో చిన్న అంకె వేసేది. ఇంటికొచ్చి ఆ అంకె పక్కన ఏ రోజు, ఏ గుడ్డ, ఏ దూది అని నోటుపుస్తకంలో రాసుకునేది. మేడమ్ ఆ అంకె ఏదో కొలత అనుకుంది తప్ప ఏనాడూ అడగలేదు.

పోయినేడు పత్రికవాళ్ళు ఫోటో తీయడానికొచ్చారు. మేడమ్ ఆమెను మిషనుతో సహా వెనక గదిలోకి పంపి తలుపు వేయించింది. తలుపు సందులోంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి. "గుండీలు పెట్టడానికి తల్లిగా నాకు చేతులు రావండీ. ప్రతి బొమ్మా నేనే కుడతాను."

ఆ సాయంత్రం, నా గురించి కూడా ఒక ముక్క చెప్పాల్సింది కదా అని ఆమె నసిగింది. మేడమ్ నవ్వింది.

"నీకు పేరెందుకమ్మా? చేతులున్నాయిగా."

మర్నాడు ఆమె పనిలోకి వెళ్ళలేదు. ఆ నవ్వు మాత్రం ఇంటిదాకా వచ్చింది. ఏడాదిగా బియ్యం కడిగేటప్పుడూ, దీపం ఆర్పేటప్పుడూ వినపడుతూనే ఉంది.

"ఇది మొదటిది," అంది కూతురు, తెర తల్లివైపు తిప్పి. "ఉచితం. కాకపోతే కొట్టు పేరు వెనకాల వాళ్ళ పేరు అతుక్కుని ఉంటుంది."

"మళ్ళీ ఇంకొకళ్ళ పేరు కిందనా? తీసెయ్."

"రెండోది నెలనెలా అద్దె. చూడు ఎంత ముచ్చటగా ఉందో. గంటలో కొట్టు తయారు."

"రేపెప్పుడైనా మానేస్తే కొన్నవాళ్ళ పేర్లు, చిరునామాలు మనతో వస్తాయా?"

కూతురు చదివింది. పైకీ కిందకీ జరిపి మళ్ళీ చదివింది. "రావు. వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి."

"మేడమ్ చేసిందీ అదేగా. పదకొండేళ్ళలో నా బొమ్మ ఎవరింట్లో ఉందో నాకు తెలియనిచ్చిందా?"

"మూడోది మొండిది. అన్నీ మనమే అమర్చుకోవాలి. నాకు రెండు వారాలు పడుతుంది. అందం కూడా అంతంతమాత్రం. కానీ జాబితా అంతా మనదే."

"దొంగలు పడితే?"

"తాళం గట్టిది వేస్తాను."

"కరెంటు పోతే?"

"అది మనింట్లో ఉండదే అమ్మా."

"మరి ఎవరింట్లో ఉంటుంది?"

కూతురు తల బల్లకి ఆనించింది. తల్లి గొంతు తగ్గించి అడిగింది. "అందులో ఒక గడి పెట్టగలవా? ఎవరైనా అంకె కొడితే, నా పుస్తకంలో దాని పక్కనున్నది కనపడాలి. కింద నా పేరు రావాలి."

కూతురు తలెత్తి తల్లి మొహంలోకి చూసింది.

"అంటే మేడమ్ అమ్మిన బొమ్మలకి కూడానా?"

"వాటికే."

"ఎవరైనా నిన్ను అమాయకురాలంటే ఈసారి నేనొప్పుకోను."

"రెండోదాంట్లో ఆ గడి కుదురుతుందా?"

"వాళ్ళిచ్చినవే వాడుకోవాలి."

"అయితే మొండిదే తీసుకో."

రెండువేల మూడువందల పద్నాలుగు అంకెలు. తల్లి చదివింది, కూతురు ఎక్కించింది. ప్రతిదాని చివరా 'కుట్టింది: బొమ్మల పిన్ని' అని పెట్టారు. వీధిలో పిల్లలు ఆమెను పిలిచే పిలుపు అదే. కొట్టుకూ ఆ పేరే ఖాయం చేశారు. ఒక్కో అంకె చదువుతుంటే, పత్రికలో వచ్చింది మేడమ్ పటం కట్టి గోడకి కొట్టించిన మేకులు ఒక్కొక్కటీ ఊడదీస్తున్నంత హాయిగా ఉంది ఆమెకు.

అంతా అయ్యాక మళ్ళీ భయం పట్టుకుంది. "ఇప్పుడు మేడమ్ దగ్గర కుట్టేవాళ్ళు గుండీ కళ్ళు పెడుతున్నారట. గడి కింద ఇంకో మాట రాయి. అంకె లేకపోతే ఆ బొమ్మ నాది కాదు, గుండీలుంటే దయచేసి పసిపిల్లల చేతికివ్వకండి అని."

"ఇది కక్షా, భయమా?"

"ముందు రాయవే."

కూతురు పనిచేసేది పిల్లల డాక్టరు దగ్గర, రిసెప్షన్‌లో. అక్కడ బుట్టలో మేడమ్ షాపులో కొన్న బొమ్మలు ఎనిమిదున్నాయి. డాక్టరునడిగి, ఎడమకాలి కింద అంకెని ఎక్కడ కొట్టి చూడాలో రాసి బుట్ట మీద చిన్న కాగితం అంటించింది. వారం తిరిగేసరికి, వరసలో కూర్చున్న తల్లులందరూ బొమ్మల్ని తలకిందులు చేసి ఎడమకాళ్ళు వెతుకుతున్నారు. ఇళ్ళకెళ్ళి తమ పిల్లల బొమ్మల్నీ తిరగేశారు.

పదో రోజు మధ్యాహ్నం మేడమ్ ఫోన్ చేసింది.

"నిన్న నలుగురు గుండీల బొమ్మలు తెచ్చి నా కౌంటరు మీద పడేశారు. పత్రికలో వచ్చింది గోడ మీంచి తీసెయ్యమని ఒకావిడ నా మొహం మీదే చెప్పింది. పదకొండేళ్ళ నుంచీ ఇందుకేనా ఆ అంకెలు కుట్టావు?"

"కాదు మేడమ్. పిల్లలకేమైనా అవుతుందేమోనని కుట్టాను."

"సరే, అయిందేదో అయింది. వచ్చెయ్. బోర్డు మీద నీ పేరూ రాయిస్తాను. ఆ గడి ఒక్కటీ తీయించు. ఇక్కడ ఒక్కరికీ నీ చేతులు లేవు."

ఏడాదిపాటు ఆమె ఎన్ని జవాబులు తయారుచేసుకుందో, ఎన్ని శాపనార్థాలు నూరిపెట్టుకుందో. తీరా నోటికొచ్చింది ఒక్కటే.

"మీకు చేతులెందుకు మేడమ్? పేరుందిగా."

ఫోన్ పెట్టేసి, అన్నానికొచ్చిన కూతురివైపు తిరిగింది.

"కేసు పెడుతుందంటావా?"

"పెట్టనీ. పుస్తకం ఉందిగా," అంది కూతురు.

"ఇల్లు అంటుకుంటే?"

"అంతా ఎక్కించాం కదమ్మా."

"అయినా సరే." పుస్తకాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, బీరువాలో పెట్టి, తాళం వేసి పిడి రెండుసార్లు లాగి చూసింది. తర్వాత ఎర్ర దారం సూదికి ఎక్కించింది. కొత్త బొమ్మకి రెండువేల మూడువందల పదిహేను అని కుట్టడం మొదలుపెట్టింది. ఈసారి కాలి కింద కాదు. గుండె మీద, మేడమ్ తన కౌంటరు వెనక కూర్చున్నా కనపడేంత పెద్దగా.