పిలుపు పేరు లేని కాగితం

పాత రాతి తోరణం పక్క గోడకు నిచ్చెన ఆనించి ఎవారిస్టో కుంచెతో లై పూస్తున్నాడు. పొద్దున మైదాపిండితో కాచిన లై చలికి అప్పుడే గడ్డకడుతోంది. పో నది మీంచి వచ్చిన పొగమంచు గోడలన్నిటినీ తడిపేసింది. కాగితం ఓ పట్టాన పట్టుకోవడం లేదు. అరచేత్తో మధ్య నుంచి అంచులకు రుద్దాడు. గోళ్ళ చుట్టూ ఎండిన లై తెల్లటి పొరలుగా లేచి ఉంది. దిగేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టి, నొప్పి పెట్టే కుడికాలిని వెనకే ఈడ్చుకున్నాడు.

ఊళ్ళో ఎవరు పోయినా ఆ కబురును గోడలకెక్కించేది అతనే. అందుకే అతణ్ణి జిగురు అంటారు. అలాంటి పిలుపు పేరు ఇక్కడ అందరికీ ఉంది. అసలు పేర్లతో పని పడేది పాదిరీకి, సమాధి రాళ్ళు చెక్కేవాడికి మాత్రమే.

మెడలో కెమెరాలు వేసుకున్న యాత్రికులు తోరణాన్ని ఫోటో తీసుకోవాలని చేత్తో సైగ చేశారు. జరిగాడు. నిచ్చెననూ జరిపాడు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ అక్కడే ఆనించాడు.

రొట్టెల సంచీతో పోతున్న ఎదురింటి ముసలామె ఆగింది. "ఎవర్రా జిగురూ, పోయింది?"

"చదువుకో."

"ఆర్జెంటీనా బొల్జోని, మోరీ భార్య. ఎవరీవిడ?"

"నాకేం తెలుసు? కాగితం నగరం నుంచి వచ్చింది."

"ఫోటో లేదు, పిలుపు పేరు లేదు. ఎవరనుకుని ఏడవాలి? మధ్యాహ్నమేనంట మట్టి చేసేది. నాకు ఇస్త్రీ ఉంది, నేను పోను."

"పోకపోతే మాన్లే. ఆవిడేం అడగదు."

అతని మనసు కాగితం మీద లేదు. పోయిన వారం పేకాటలో తన నోటి నుంచి వచ్చిన మాట మీద ఉంది. వాళ్ళ ఆటలో జోడీలు ముఖంతో సైగ చేసుకోవచ్చు. మూతి తిప్పితే ఒక ముక్క, కనుబొమ లేపితే ఇంకో ముక్క. చాలా ఏళ్ళుగా అతని జోడీ పిచ్చుక. వలలు బాగుచేసి బతికిన ముసలిది, మొగుడు పోయి ఒంటరిగా ఉంటుంది. ఆ రోజు ఆమె సైగ అతనికి అందలేదు. ఓడిపోయాక, "ఆ ముఖం నిండా ముడతలే. ఏది సైగో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె ముక్కలు బోర్లించి లేచిపోయింది. మర్నాటి నుంచీ ఆమె కుర్చీ ఖాళీ.

పని మధ్యలో, వాళ్ళు పేకాడే బారుకు కాఫీకి వెళ్ళినప్పుడు ముందు ఆ కుర్చీ వైపే చూశాడు.

"ఇంకా రాలేదు," అన్నాడు బారు యజమాని గ్వాల్టియేరో, అతను అడగక ముందే. "మేనకోడలి దగ్గరికి పోయిందంట. నీ మొహం చూడలేకేమో."

"ఎప్పుడొస్తుందంట?"

"నాకు చెప్పి పోతుందా? వచ్చాక కాళ్ళు పట్టుకో."

"వంగితే మళ్ళీ లేవలేను. నిలబడే చెప్తా."

చెప్పాల్సిన మాట అతని దగ్గర సిద్ధంగానే ఉంది. నీ ముఖం బాగానే ఉంది, నా చూపే తగ్గింది. ఆ రెండు ముక్కలను మనసులో మరోసారి సర్దుకుని కాఫీ తాగేశాడు.

చివరి కాగితం చర్చి తలుపు పక్కన అంటించాలి. మెట్ల మీద నగరం కోటు వేసుకున్న ఒకామె నిలబడి సందు వైపు చూస్తోంది.

"ఎవరూ రావడం లేదేంటండీ? ఊరంతా తన వాళ్ళేనని చెప్పేది మా అత్త."

"ఎవరమ్మా మీ అత్త?"

"మీరు అంటిస్తున్నారే, ఆవిడే. మా ఇంటికొచ్చిన మర్నాడే ఆస్పత్రిలో చేర్చాం. మళ్ళీ కళ్ళు తెరవలేదు."

"ఏం చేసేది?"

"వలలు బాగుచేసేది."

కుంచె గోడ మీదే ఆగింది. లై అతని మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారింది.

"పేరు కింద పిచ్చుక అని ఎందుకు వేయించలేదమ్మా?"

"చచ్చిపోయిన మనిషిని పట్టుకుని పిచ్చుక అని ఎలా వేయిస్తానండీ? మర్యాద ఉండొద్దూ?"

అతను నిచ్చెన అక్కడే వదిలేసి పొగాకుతో పాటు కలాలూ అమ్మే కొట్టుకు వెళ్ళి మందపాటి నల్ల కలం తీసుకున్నాడు. పొద్దున నడిచిన దారినే వెనక్కి నడిచాడు. చేపల బజారు, వంతెన మొదలు, తోరణం. ప్రతి కాగితం దగ్గరా ఆగి, పేరు కింద పిచ్చుక అని రాశాడు. కాగితాలింకా తడిగానే ఉన్నాయి. అక్షరాలు కాళ్ళు చాపినట్టు పాకాయి.

ముసలామె కిటికీలోంచి తొంగి చూసింది. "పిచ్చుకా? పొద్దున తెలీదన్నావు కదరా."

"తెలీదు," అన్నాడు.

ఆమె ఇస్త్రీ పెట్టె ఆపేసి నల్ల శాలువా కప్పుకుని బయటికొచ్చింది.

పాదిరీ ప్రార్థన మొదలుపెట్టాక కూడా తలుపు తెరుచుకుంటూనే ఉంది. చేపలవాళ్ళు కట్టుకున్న గుడ్డలతోనే వచ్చారు. గ్వాల్టియేరో బారు మూసి వచ్చాడు. మేనకోడలు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది. ఎవారిస్టో చివరి వరుసలో నిలబడ్డాడు. చేతులు జోడించి మళ్ళీ విడదీయబోతే వేళ్ళు అంటుకుపోయి రాలేదు.

మట్టి చేశాక మేనకోడలు అత్త ఇంటికి తాళం వేసి సాయంత్రం బస్సెక్కింది. అతను నది కట్ట వెంట నెమ్మదిగా నడిచి పిచ్చుక ఇంటి ముందు ఆగాడు. చెప్పాలనుకున్న ఆ రెండు ముక్కలతో తలుపు తట్టడానికి లేచిన చెయ్యి, తాళం చూసి జేబులోకి వెళ్ళింది. కిటికీ కింద గోడలో దిగ్గొట్టిన రెండు కర్రల మీద ఆమె రబ్బరు బూట్లు బోర్లించి ఉన్నాయి. ఒక బూటు మడమకు సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉంది.