డాట్సన్ అడుగు రేకు

ఆ మధ్యాహ్నంతో సాబేరా ఇద్దత్ ముగిసింది. భర్త తబ్రేజ్ పోయాక నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటని మనిషి తలుపు తీసుకుని నేరుగా పెరట్లోని పాత డాట్సన్ కారు దగ్గరికి వచ్చింది. రాత్రికి దమ్మామ్ నుంచి విమానం. ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద సొంత దేశానికి. ఖతీఫ్‌కి ఇక తిరిగి రాదు.

మరిది జునైద్ చేతిలో ఇనుము కోసే గ్రైండర్ ఉంది. ఇద్దత్ కాబట్టి ఇన్నాళ్లూ వదిన ఎదుట పడకుండా పెరటి వరకే వచ్చి పని చేసుకుపోయాడు. సముద్రపు గాలికి తుప్పు తిన్న అడుగు రేకు కోసి కొత్తది వేయాలి. అన్న కోరిక అది. సీట్లు విప్పాడు. పెట్రోలు ట్యాంకు దించాడు. బాడీ వంగిపోకుండా తలుపుల ఖాళీల్లో ఇనుప గొట్టాలు వెల్డింగ్‌తో అతికించాడు. ఇక కోయడమే.

“ఆగు జునైద్. డ్రైవర్ సీటు కింద ఒకసారి చూస్తా,” అంది సాబేరా.

“ఆడేముంది భాబీ?”

“మీ అన్న చెయ్యి. పోయినేడు నీళ్లు దిగకుండా అతుకుల్లో నల్లటి పేస్టు పూసినాడు. గ్లౌజులేసుకోండి అంటే, నేనేమన్నా ఆపరేషన్ చేస్తాండానా అన్యాడు. ఆ పేస్టులో అరచెయ్యి అచ్చు పడి గట్టిపడిపోయింది. రెండు దినాలు చేతికి ఆ నలుపు వదల్లేదు. అన్నం నేనే తినిపించినా.”

రేకు ఎక్కడెక్కడ అతికించారో కనబడాలంటే ఆ పేస్టు వేడిచేసి గీకేయాలి. నిన్ననే జునైద్ గీకేశాడు. కారు పాత యజమాని పనితనమనుకుని తిట్టుకుంటూ మరీ గీకాడు. పెళ్లలన్నీ సంచిలో వేసి వీధి చివర చెత్త డబ్బాలో పడేశాడు.

గ్రైండర్ వదిలేసి పరుగెత్తాడు. మున్సిపాలిటీ చెత్త లారీ అప్పుడే డబ్బా ఎత్తుతోంది.

“భాయ్, నిన్నటి సంచి కావాలి,” అన్నాడు హిందీలో.

“నిన్నటిది నిన్ననే పోయింది. బంగారం గానీ పారేసుకున్నావా?” బంగ్లాదేశీ డ్రైవర్ నవ్వాడు.

తిరిగి వచ్చేసరికి సాబేరా గొట్టం కింద నుంచి దూరి కారులో మోకాళ్ల మీద ఉంది. నున్నటి ఇనుము మీద వేళ్లతో వెతుకుతోంది.

“గీకుడు చప్పుడు లోపలికి ఇనిపిస్తానే ఉండె. తలుపు తుప్పు గీకుతాండావేమో అనుకున్యా. పక్కింటి షబ్నమ్‌తో ఒక మాట అడిగిస్తే పోయేది.”

“నాకు తెలీదు భాబీ.”

“నాకు తెలుసు కదా.”

ఆమె ముందుకు జరిగింది. మోకాలి కింద రేకు పటుక్కున విరిగింది. కంతలోంచి కింది ఇసుక కనిపించింది.

“నన్నే మోయలేకుండా ఉండాది. కోసెయ్.”

“మీరు పోయినాక కోస్తాలే భాబీ.”

“నేనుండంగానే కోయి.”

జునైద్ గ్రైండర్ ఎత్తాడు గానీ గోడ మీది స్విచ్ దగ్గరికి పోలేదు. సాబేరా కారు దిగి, గోడ దాకా నడిచి, స్విచ్ తనే వేసింది.