అనుమతి లేని సంతకం

అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో కంటి చుక్కల మందు తయారుచేసే ఆ చిన్న కంపెనీకి కాగితం మీద కెమిస్టు భక్తవత్సలం. పరీక్షలన్నీ చేసేది మాత్రం కస్తూరి. కెమిస్ట్రీలో బి.యస్సి. చదివింది. పురసవాక్కం నుంచి బస్సులో వచ్చిపోతూ, ఆరేళ్ళుగా ఒక్క బ్యాచి కూడా తన చేతిమీదుగా కాకుండా బయటికి పోనివ్వలేదు. అయినా రిపోర్టు కింద సంతకం పెట్టే హక్కు ఆమెకు లేదు. లైసెన్సు ఆఫీసు ఆమోదించిన కెమిస్టు సంతకం ఉంటేనే మందు గేటు దాటాలని చట్టం.

భక్తవత్సలం వారానికొకసారి, బుధవారం నాడు వచ్చేవాడు. కాఫీ తాగి, ఖాళీ రిపోర్టు ఫారాల కింద వరసగా సంతకాలు గీకి, ఇలాగే తన పేరు నడిచే మరో కంపెనీకి వెళ్ళిపోయేవాడు. అంకెలు తర్వాత నింపుకునేవాళ్ళు.

తనకు ఆమోదం కావాలని కస్తూరి రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ తిరిగొచ్చింది. "నా పర్యవేక్షణలో ఈమె ఇన్నేళ్ళు పరీక్షలు చేసింది" అని ఆమోదం ఉన్న కెమిస్టు రాసివ్వాలట. అంటే భక్తవత్సలమే రాయాలి. అడిగిన ప్రతిసారీ ఆయనది ఒకటే మాట.

"ఇప్పుడేం అవసరమ్మా? నేనుండాను గదా!"

ఆమెకు ఆమోదం వస్తే ఇక ఆయన ఎందుకని కంపెనీ ఆయన్ను వదిలించుకుంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. యజమాని ధర్మలింగానికీ తెలుసు. ఆయన కస్తూరికి దూరపు చుట్టం, ఆమె మామా అని పిలిచేది. ఆయన భయం ఇంకొకటి. ఆమోదం వచ్చిన పిల్ల రేపు పెద్ద కంపెనీ పిలిస్తే ఆగుతుందా?

1973 వేసవిలో ఒక గురువారం, జింకు చుక్కల బ్యాచి పరీక్షకు వచ్చింది. కస్తూరి ఎప్పటిలాగే మందును గాజు కుప్పెలోకి తీసి, అమోనియా, రంగు చుక్కలు కలిపి, బ్యూరెట్టు అనే కొలత గొట్టంలోంచి పరీక్ష ద్రావణం చుక్కచుక్కగా వదిలింది. తొమ్మిది మిల్లీలీటర్లు దాటకుండానే కుప్పెలోని మందు ఎరుపు పోయి నీలం కావాలి. తొమ్మిది దాటింది. పన్నెండు దాటింది. పదిహేడు దాటాక గానీ నీలం రాలేదు.

తన పొరపాటేమో అనుకుంది. గాజుసామాన్లు కడిగి మళ్ళీ చేసింది. కొత్త అమోనియా సీసా తెరిచి మూడోసారి చేసింది. మూడుసార్లూ అదే లెక్క. మందు బలం ఉండాల్సినదానికి రెండింతలు ఉంది.

సీసాలు నింపే లూర్దుమేరి తలుపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "అక్కా, తొట్టి పక్కన రెండు ఖాళీ జింకు పొట్లాలు పడుండాయి. ఒకటే గదా పొయ్యాల్సింది? మందు కలిపే పళని ఒకటి పోసి తినేదానికి పోయినాడు. ఆ లోపల ఇంకెవురో ఇంకొకటి పోసినట్టుండారు."

కస్తూరి ఆ రెండు పొట్లాలూ పట్టుకుని ధర్మలింగం గదిలోకి వెళ్ళింది.

"మామా, ఈ బ్యాచి పంపకూడదు. బలం రెండింతలు ఉండాది. కంట్లో పడితే మంట తట్టుకోలేరు."

ధర్మలింగం కిటికీలోంచి బయటికి చూశాడు. "బండి వచ్చి నిలబడుండాది. ఇప్పుడేంది ఈ గలాటా?"

"ఈ పొట్లాలు చూడు మామా."

ఆయన చూశాడు. తర్వాత ఫోను తీసి భక్తవత్సలం ఉన్న కంపెనీకి కలిపి, రిసీవరు ఆమె చేతికిచ్చాడు.

"నీ అమోనియా పాతదై ఉంటుందమ్మా, ఇంకొకసారి జెయ్యి" అన్నాడు భక్తవత్సలం.

"కొత్త సీసాతో కూడా చేసినా సార్. మూడుసార్లు చేసినా."

"నేను సంతకం పెట్టేసినా గదా! కెమిస్టు నువ్వా, నేనా?"

లైను తెగిపోయింది. కస్తూరి ఒళ్ళు మండి రిసీవరు ఠక్కున పెట్టేసింది.

ధర్మలింగం ఆమె మొహం చూడకుండా అన్నాడు. "కాగితం సరిగ్గా ఉండాది. ఆయన సంతకం ఉండాది. రేపు ఏమన్నా అయితే ఆయనే జవాబు చెప్పుకోవాల."

"కళ్ళు మండినోళ్ళు ఆయన జవాబును ఏం చేసుకొనేది మామా?"

కస్తూరి తిరిగొచ్చి బ్యాచి రిజిస్టరు తెరిచింది. కెమిస్టు సంతకం చేయాల్సిన గడిలో, ఆరేళ్ళుగా తాను ముట్టని గడిలో, నొక్కి రాసింది: "బలం రెండింతలు. పంపరాదు." కింద తన పేరు రాసి సంతకం చేసింది. రిజిస్టరునూ, రెండు సీసాలనూ సంచిలో వేసుకుని బస్సెక్కింది.

లైసెన్సు ఆఫీసులో ఇన్స్పెక్టరు సుందర్‌రాజ్ ఆమె చెప్పిందంతా విని ఫైలు తెప్పించాడు.

"ఇందులో నీ పేరు లేదే! నువ్వు ఏ హోదాలో కంప్లయింటు చేస్తా ఉండావు?"

"పరీక్ష చేసింది నేను సార్."

"చెయ్యకూడదే! చేసింది భక్తవత్సలం అని గదా ఈడ రాసుండాది?"

"సార్, నేనెవరైతే ఏం? సీసాలు మీ బల్ల మీద పెట్టినా. మీరే పరీక్షకు పంపండి. బండి కదిలేలోపల రండి."

అతను విసుక్కున్నాడు. కానీ జీపు తీయించి ఆమెనూ ఎక్కించుకున్నాడు.

లారీలోకి చివరి పెట్టెలు ఎక్కుతూ ఉండగా జీపు ఎస్టేటు చేరింది. సుందర్‌రాజ్ రిజిస్టరు తెరిచి, ఆమె సంతకం మీద వేలు పెట్టి, పెట్టెలన్నీ దింపించి సీలు వేయించాడు. కస్తూరి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అతను రాసిన కాగితం చదివేదాకానే ఆ నెమ్మది. "అనుమతి లేని వ్యక్తి రిజిస్టరులో సంతకం చేసినందున బ్యాచి నిలుపుదల చేయడమైనది." మందు బలం గురించి ఒక్క ముక్క లేదు. దానికి ల్యాబు రిపోర్టు రావాలట.

రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. బలం రెండింతలేనని తేలింది. బ్యాచి మొత్తం పారబోశారు. భక్తవత్సలం ముందుగా సంతకాలు పెట్టాడని రుజువు చేసే కాగితం ఏదీ లేదు కాబట్టి ఆయనకు హెచ్చరికతో సరిపోయింది. ఆ తర్వాత కస్తూరి పెట్టిన మూడో దరఖాస్తు మాత్రం ఎర్ర సిరా గీతతో తిరిగొచ్చింది: "దరఖాస్తుదారు గతంలో అనుమతి లేకుండా సంతకం చేసినట్టు రికార్డులో ఉన్నది."

ఆ రోజు ఆమె ల్యాబులో తలుపేసుకుని ఏడ్చింది. ధర్మలింగం వచ్చి తలుపు తట్టాడు. ఆయనే స్వయంగా ఒక సర్టిఫికెట్టు రాసుకొచ్చాడు.

"నేను జేసింది తప్పు కస్తూరీ. ఇది తీసుకో."

"యజమాని రాస్తే చెల్లదు మామా. కెమిస్టు రాయాల."

అయినా తీసుకుంది. నెల తిరక్కుండానే ఆ కంపెనీ మానేసి, రోజూ ల్యాబుకు వచ్చే ముసలి కెమిస్టు ఒకాయన ఉన్న మరో చోట చేరింది. అక్కడ అనుభవం మొదటి రోజు నుంచి లెక్క పెట్టారు. వెనకటి ఆరేళ్ళూ సున్నా. ఆయన పర్యవేక్షణలో మూడేళ్ళు నిండాక సర్టిఫికెట్టు వచ్చింది. ఎర్ర గీతకు సంజాయిషీలు రాయడానికి ఇంకో ఏడాది పట్టింది.

1978లో ఆమోదం వచ్చింది. "శ్రీ కస్తూరి గారిని, ఆయన అర్హతలను పరిశీలించిన మీదట..." అని టైపు చేసి ఉంది. దిద్దించుకోవాలంటే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఆ మెట్లు. కస్తూరి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, పళ్ళు కొరికి, అలాగే మడిచి సొరుగులో పెట్టింది. బల్ల మీద పొద్దుటి బ్యాచి సీసాలు ఎదురుచూస్తున్నాయి. బ్యూరెట్టు కడగడానికి లేచింది.