ఏ మీట నొక్కావు?

ఆ ఇంటి పెద్దల్లుడు పళ్ళ డాక్టరు. చిన్నల్లుడు బడిలో డ్రిల్లు మాస్టారు. "నా అల్లుళ్ళిద్దరిదీ డ్రిల్లు పనే. ఒకాయన పళ్ళకి పెడతారు, ఒకాయన పిల్లలకి పెడతారు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

డాక్టరుది నిదానమైన చెయ్యి. మాస్టారిది మోటు చెయ్యి. కుక్కరు పిడి ఊడినా, స్నానాలగది కుళాయి విరిగినా, అల్మారా తాళంచెవి వంకరపోయినా, ఆ సమయానికి మాస్టారు అక్కడే ఉండేవాడు. "ఆయన ముట్టుకుంటే ఇనుమైనా రెండు ముక్కలే" అనే మాట ఆ ఇంట్లో సామెతైపోయింది. మాస్టారు కూడా అందరితోపాటే నవ్వేసేవాడు.

డాక్టరు ఏడాది కిందట పెద్ద బండి కొన్నాడు. ముందు సీటు నుంచి వెనక సీటు దాకా పైకప్పంతా ఒకటే అద్దం. వెనక్కి వాలి పైకి చూస్తే మబ్బులు మనతోపాటే వస్తున్నట్టుండేది. ఎండ దిగకుండా ఆ అద్దానికి లోపలివైపు పల్చటి ఫిల్ము కూడా అతికించాడు. బండి మీద ఈగ వాలితే ఆయన ప్రాణం విలవిల్లాడేది.

అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. కాలు కుదుటపడేదాకా పెద్దకూతురి ఇంట్లో ఉంచాలని అందరూ అనుకున్నారు. ఆస్పత్రి నుంచి పంపించే రోజున డాక్టరుకి పొద్దుటినుంచీ ఊపిరి సలపనంత మంది రోగులు. కాలు చాచుకుని కూర్చోవడానికి వీలున్న బండి ఆయనదొక్కటే. అందుకని తాళాలు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. పెట్టాక కూడా ఒక్క క్షణం వదల్లేదు.

"జాగ్రత్త తమ్ముడూ."

"అత్తయ్యగారినా, బండినా అన్నయ్యా?"

"ఇద్దర్నీ" అన్నాడు డాక్టరు, నవ్వకుండా.

మాస్టారు నెత్తిన గుడ్ల గంప పెట్టుకున్నవాడిలా నడిపాడు. అత్తగారు వెనక సీట్లో రెండు దిళ్ళ మీద కాలు చాపుకుని, ఆస్పత్రివాళ్ళిచ్చిన చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. పెద్దరోడ్డు ఎక్కేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఫిల్ము ఉన్నా సరే, కప్పులోంచి సూటిగా ఆవిడ కళ్ళలోకి కొడుతోంది. అద్దం కింద ఒక బట్టతెర ఉంది. దాన్ని మూసే మీట ముందు, మాస్టారి తల పైన ఉంది. ఒక్క మాట చెబితే అతను నొక్కేవాడు. కానీ ఎదురుగా లారీ, పక్కనే ఇంకో లారీ. ఇప్పుడు అల్లుణ్ణి కదిలించడమెందుకని ఆవిడే కర్ర ఎత్తి, దాని వంపుతో తెర అంచుని లాగబోయింది. కర్ర జారింది. అద్దానికి టక్కుమని తగిలింది.

వెనక చూసే అద్దంలో మాస్టారు అదంతా చూశాడు. గట్టి దెబ్బేం కాదు, తలుపు తట్టినంత. ఈ లారీలు దాటాక తనే తెర వేద్దామనుకున్నాడు. లారీలు దాటాయి. రోడ్డు ఖాళీ అయింది. అతను మీట కోసం చెయ్యి ఎత్తుతుండగానే నెత్తి మీద తుపాకి పేలినట్టు ఢామ్మని మోత.

చక్రం మీది అతని చెయ్యి చలించలేదు. మెల్లగా పక్కకి తీసి ఆపి, వెనక్కి తిరిగి చూశాడు. కప్పు మధ్యలో పళ్ళెమంత కన్నం. మిగతా అద్దమంతా వేల ముక్కలై కూడా ఫిల్ముకి అంటుకుని, తడిసిన దుప్పటిలా కిందికి వేలాడుతోంది. గాలి రయ్యిమని లోపలికొస్తోంది.

"అత్తయ్యగారూ, కళ్ళు తెరవకండి. కదలకండి. నేనొస్తున్నా."

ఆవిడ జుట్టు నిండా, ఒడి నిండా పటికబెల్లం పలుకుల్లాంటి ముక్కలు. మాస్టారు వెనక తలుపు తీసి, రోడ్డు పక్కనే నిలబడి, చంటిపిల్ల తలలో పేలు చూసినంత నిదానంగా ఒక్కొక్కటే ఏరాడు. కనురెప్పల మీదివి రుమాలు కొసతో తీశాడు. అరగంట పట్టింది. చివరికి చూస్తే చెవి పక్కన గోరు గీరినంత గీత తప్ప ఆవిడకేం కాలేదు.

"ఏమైంది బాబూ?"

"ఏదో రాయి ఎగిరిపడ్డట్టుంది."

రాయి ఎగరడానికి ముందు బండి లేదు, పడడానికి పైన వంతెన లేదు. ఆవిడ కప్పుకేసి చూసింది. అతను మళ్ళీ ముందు సీట్లో కూర్చున్నాక, కర్ర తీసి మెల్లగా దిండు కిందికి తోసేసింది. అది కూడా అద్దంలో అతనికి కనిపించింది.

బండి కదిలించేముందు డాక్టరుకి ఫోన్ చేసి కప్పు అద్దం పగిలిందని చెప్పాడు. అవతల మిషను మోత ఆగింది.

"అత్తయ్యగారికేం కాలేదుగా?"

"లేదన్నయ్యా, బాగానే ఉన్నారు."

"సరే, మెల్లగా రండి" అని డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆయన కేకలెయ్యలేదు. జేబులోంచి చిన్న టార్చి తీసి, నోరు తెరిచిన రోగిని చూసినట్టు కప్పంతా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. చూసి, ఇంట్లోకి వచ్చి, చేతులు కడుక్కుని, అప్పుడడిగాడు.

"తమ్ముడూ, ఏ మీట నొక్కావు?"

మాస్టారు వెనక గదివైపు చూశాడు. ఓరగా వేసిన తలుపు సందులోంచి మంచం మీద అత్తగారి పాదాలు కనిపిస్తున్నాయి. ఇక్కడి మాట అక్కడికి వినిపిస్తుంది.

"ఏదో నొక్కే ఉంటానన్నయ్యా. సరిగ్గా గుర్తులేదు."

"నేననుకుంటూనే ఉన్నా!" అంది అతని భార్య. "పొద్దున తాళాలు తీసుకుంటుంటేనే నా గుండె దడదడలాడింది."

"పోనీలేవే, అమ్మ క్షేమంగా వచ్చింది, అదే చాలు" అంది వదినగారు. అని, నవ్వు ఆపుకోలేక, "ఇప్పటిదాకా ఇంట్లో సామాన్లే, ఇప్పుడు ఏకంగా ఆకాశానికే కన్నం పెట్టేశారు మరిదిగారు" అంది.

అందరూ నవ్వారు, డాక్టరు తప్ప. ఆయన కంచంలోకి చూస్తూ తిన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి.

భోజనమయ్యాక బడికి వెళ్ళి, సాయంత్రం అక్కణ్ణించి నేరుగా వచ్చి బండి శుభ్రం చెయ్యడానికి కూర్చున్నాడు. సీట్ల సందుల్లో, బెల్టు పట్టీల మడతల్లో, గాలొచ్చే కంతల్లో, ఎక్కడ చూసినా గాజు పలుకులే. డాక్టరు కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, లోపలికెళ్ళి ఒక జత రబ్బరు తొడుగులు, సన్నటి పట్టకారు తెచ్చిచ్చాడు.

"ఊడవకు, చేతికి గుచ్చుకుంటాయి. దీంతో పట్టుకుని తియ్యి."

"అలాగే అన్నయ్యా."

ఇద్దరూ కలిసి కప్పు మీద మందపాటి ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు వైపులా టేపు వేశారు. ఆ గంటసేపట్లో వాళ్ళ మధ్య "అటు పట్టుకో", "ఇటు లాగు" తప్ప ఇంకో మాట లేదు.

ఆ రెండు రోజులూ మాస్టారు నింద మోయడం గురించి పెద్దగా ఆలోచించలేదు. అతనికి దిగులు వేసింది వేరే సంగతికి. వ్యాయామం నేర్పించడానికి వచ్చినమ్మాయి నడవమంటే అత్తగారు నడవనంది. కర్ర చేతికిస్తే పాముని చూసినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకొద్దమ్మా అది, గోడ పట్టుకుని నడుస్తాలే" అంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి కూలబడింది. ఇలాగైతే కాలు బిగిసిపోతుందని ఆ అమ్మాయి గట్టిగానే చెప్పి వెళ్ళింది. నొప్పి వల్ల మొండికేస్తోందని కూతుళ్ళనుకున్నారు. అసలెందుకో మాస్టారొక్కడికే తెలుసు. చెబితే ఆవిడ పరువు పోతుంది. చెప్పకపోతే ఆవిడ మంచానికి అతుక్కుపోతుంది. అతనికి మింగలేక కక్కలేక అయింది.

మూడో రోజు సెలవు. డాక్టరు బండిని బాగుచేయించడానికి బయల్దేరితే మాస్టారు కూడా వెంట వెళ్ళాడు. నెత్తి మీద ప్లాస్టిక్ తపతపా కొట్టుకుంటుంటే, మాట్లాడుకునే అవసరం లేకపోయింది.

బండి అద్దాల షెడ్డు ఒక యాభై ఏళ్ళావిడది. చుట్టుపక్కల అందరూ అద్దాలక్క అంటారు. ఆవిడ ప్లాస్టిక్ విప్పగానే అద్దాన్ని దులపలేదు. "ఫిల్ము అతికించడం మంచిదైంది, సాక్ష్యం చెదరలేదు" అని ఎత్తుపీట వేసుకుని పైకెక్కి, వేలితో పగుళ్ళ దారి వెంబడి మెల్లగా పోతూ వెతికింది. కన్నం దగ్గర ఆగలేదు. ముందువైపు, ఎడమ అంచుకి జానెడు దూరంలో ఆగింది.

"ఇదిగో, ఇక్కడ."

పక్కపక్కనే రెండు ముక్కలు, మిగతావాటికన్నా పెద్దవి, మధ్యలో ఒక గీత. సీతాకోకచిలుక రెక్కలు విప్పుకుని వాలినట్టుంది. చుట్టూ ఉన్న పగుళ్ళన్నీ అక్కణ్ణించే బయల్దేరాయి.

"ఈ రకం అద్దాన్ని బాగా కాల్చి, గబుక్కున చల్లారుస్తారు సార్. అందుకని లోపల ఎప్పుడూ ఒక బిగువుంటుంది, ఎక్కుపెట్టిన విల్లులాగ. తయారుచేసేటప్పుడు గాజులో ఎక్కడైనా నలుసు ఉండిపోయిందనుకోండి, అది ఎండకీ వేడికీ కొంచెం కొంచెం ఉబ్బుతుంది. ఒకరోజు పట్టలేక పేలుతుంది. నీడలో నిలబెట్టిన బండి కూడా ఇలాగే పేలి వచ్చింది నా దగ్గరికి."

"నలుసంటే కనిపిస్తుందా?" అని అడిగాడు డాక్టరు.

"మామూలు కంటికి కష్టం."

డాక్టరు తన సంచిలో పళ్ళు చూసే భూతద్దాల కళ్ళజోడు ఉందని తేవడానికి వెళ్ళాడు. ఆయన అటు తిరగగానే మాస్టారు గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, అంతకుముందే వెనకవైపు ఎవరైనా చేతికర్రతో తట్టి ఉంటే? దానివల్ల కాదు కదా?"

"చేతికర్రకి పగిలే అద్దమైతే వడగళ్ళ వానకి ఒక్క బండీ మిగలదు. దెబ్బకి పగిలితే దెబ్బ తగిలిన చోటే నలిగి పిండవుతుంది. ఆ కన్నం దగ్గర చూడు, పగుళ్ళు అక్కడ పుట్టలేదు, అక్కడికొచ్చాయి. కాకి వాలింది, తాటిపండు పడింది. అంతే." ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఎవరు తట్టారు?"

"ఎవరూ లేరక్కా."

"నువ్వు కాదని మాత్రం తెలుస్తోందిలే" అంది అద్దాలక్క.

డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని ఎత్తుపీట ఎక్కాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ రెండు రెక్కల మధ్య గీత మీద, గసగసాల గింజలో పదోవంతైనా లేని చుక్క. ఆయన చాలాసేపు దిగలేదు.

"పుట్టుకతో వచ్చిందన్నమాట" అన్నాడు చివరికి. దిగి, కళ్ళజోడు తుడుచుకుంటూ మాస్టారి పక్కకొచ్చి నిలబడ్డాడు. "నేను నిన్ను ఏ మీట నొక్కావని అడిగాను."

"అవునన్నయ్యా."

"ఏం జరిగిందని అడగాల్సింది."

"నా చెయ్యి సంగతి నాకూ తెలుసు కదన్నయ్యా" అన్నాడు మాస్టారు.

"ఆ చేత్తోనే రోడ్డు మీద నిలబడి అత్తయ్యగారి రెప్పల మీది గాజు తీశావు. ఆవిడ చెప్పారు నాకు" అన్నాడు డాక్టరు. "నేను విని ఊరుకున్నా."

ఇంటికి రాగానే మాస్టారు చెప్పులు విడిచి నేరుగా వెనక గదిలోకి వెళ్ళాడు.

"అత్తయ్యగారూ, తెలిసింది. అద్దంలోనే లోపముందిట, తయారైనప్పటినుంచీ. ముందు ఎడమపక్కన మొదలైందిట. ఎవరు ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా ఆ రోజు అది పగిలేదేనట. అన్నయ్య తన కళ్ళతో చూశారు."

"ముందు ఎడమపక్కనా?"

"అవును, ముందే."

ఆవిడ కాసేపు చీర కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది.

"మీరు చూశారా బాబూ?"

"దేన్ని?"

"నా కర్రని."

"నడిపేటప్పుడు నేను అద్దంలో వెనకొచ్చే లారీలే చూస్తానండీ."

అబద్ధం అతికినట్టు లేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పెద్దల్లుడి ఇంట్లో మంచం ఎక్కి తింటూ, ఆయన బండే పగలగొట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నోరు పెగల్లేదు. మీ మీదికి పోతుంటే విని కూడా పడుకున్నాను. ఈ వయసులో ఇదేం బుద్ధి నాకు!"

"నా మీద ఇప్పటికే కుక్కరుంది, కుళాయుంది. ఇదొకటి బరువా?" అన్నాడు మాస్టారు. "మీరు నడవకపోతేనే నాకు బరువు."

ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. భోజనాలకి అందరూ కూర్చున్నాక, తనంతట తానే గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, కర్ర సంగతి మొత్తం చెప్పేసింది. కూతుళ్ళిద్దరూ ముద్ద చేతిలోనే పెట్టుకుని ఉండిపోయారు. డాక్టరు లేచి ఆవిడకి కుర్చీ వేశాడు.

"తెర వెయ్యమని ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యగారూ!"

"లారీలొస్తున్నాయి బాబూ!"

ఆ మాటకి ముందుగా నవ్విందెవరో కానీ, ఈసారి డాక్టరు కూడా నవ్వాడు.

స్కూటరు మీద ఇంటికెళ్తుంటే వీధి మలుపు తిరిగాక మాస్టారి భార్య వెనకనుంచి అడిగింది.

"మీరు చూశారు కదూ?"

"ఊఁ."

"నాకైనా చెప్పొచ్చుగా. నేను కూడా మిమ్మల్నే అన్నాను."

"చెబితే నువ్వు మీ అమ్మ మొహంలోకి చూసేదానివి. నీకు చూపు దాచుకోవడం రాదు. ఆవిడకి తెలిసిపోయేది."

ఆమె ఆలోచించింది. "నిజమే, చూసేదాన్ని" అంది.

బండి తయారుచేసినవాళ్ళు అద్దాలక్క తీసిన ఫొటోలు చూసి పేచీ పెట్టకుండా కొత్త అద్దం పంపారు. అది వచ్చేసరికి పద్దెనిమిది రోజులైంది. అద్దాలక్క ఒక పూటలో బిగించి ఇచ్చింది. ఆ రోజు బండి చప్పుడు విని అత్తగారు చేతికర్ర ఊతంతో వీధి గేటు దాకా ఎవరి సాయం లేకుండా నడిచి వచ్చి, గేటు గడియ తనే తీసింది.