దీపం నూనె తాగిన పడవ మోటారు

తాగడానికి నీళ్లు లేని ఊళ్లో పడవ మోటారు బాగుచెయ్యాలట! కబురు తెచ్చిన మనిషిని చూసి ముందు నవ్వాను. తర్వాత ఒళ్లు మండింది. అరవై ఐదో సంవత్సరం మే నెల అది. తనకల్లు చుట్టుపక్కల ఏ బావిలో బొక్కెన వేసినా బురదే వచ్చేది. నా పేరు పీరాసాబు. బావుల మీది ఆయిలింజన్లు బాగుచేసి బతికేవాణ్ణి. నీళ్లే లేకపోతే ఇంజన్లెవరు తిప్పుతారు? పని లేదు కాబట్టి సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను.

చెరువుకట్ట కింద సర్కారువారి రేకుల షెడ్డు ఉంది. మూడేళ్ల కిందట పెద్దవాన కురిసి చెరువుకు గండి పడబోతే ఈ పడవను పంపారు. రెండు రోజులు తిరిగింది, అంతే. షెడ్డుకు కాపలాదారు ఎర్రప్ప. పదకొండేళ్లుగా టెంపరరీ. వచ్చే నెల పర్మనెంటు చేస్తామన్నారట. ఇంతలో మోటారును వేరే జిల్లా డ్యాముకు పంపమని ఉత్తర్వు వచ్చింది. తీసుకెళ్లడానికి మర్నాడు ఇంజనీరు వస్తున్నాడు. చూస్తే గేరు పడటం లేదు.

"వీడే పాడుచేశాడు సాయిబూ," అన్నాడు షెడ్డు మీద పెత్తనం చేసే ఓవర్సీరు, కుర్చీలోంచి లేవకుండానే. "ఎవరూ లేనప్పుడు లివరుతో ఆడుకుని ఉంటాడు. రేపు ఇంజనీరుగారికి చెప్పి ఇంటికి పంపించేస్తా."

ఎర్రప్ప తలెత్తలేదు. యాభై ఏళ్ల మనిషి లివరుతో ఆడుకున్నాడట! సంచీలోంచి పానా తీశాను.

లివరు ముందుకు తోస్తే సగం దాకా కదిలి బిగిసిపోయింది. వెనక్కి లాగినా అంతే. అడుగున రెక్కల చక్రం మాత్రం చేత్తో తిప్పితే వట్టినే తిరుగుతోంది. లివరు నుంచి కిందికి దిగే కడ్డీని విడదీశాను. ఇప్పుడు లివరు హాయిగా ఆడింది. కడ్డీ వంగలేదు, పిన్ను ఊడలేదు. ఆడుకుంటే చెడేవి అవే. అంటే రోగం కింద గేరు పెట్టెలో ఉంది.

అడుగు మర విప్పాను. ఆయిలు కారలేదు. వేలు పెట్టి గీకితే ముదిరిన పాకంలాంటి జిగురు వచ్చింది. వాసన చూశాను. శెనక్కాయలు పండించే సీమలో పుట్టినవాడికి ఆ వాసన ఇంకొకరు చెప్పాలా?

"ఎర్రప్పా, దీంట్లో శెనక్కాయ నూనె పోసినావా?"

"పోసినా అన్నా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆయుధపూజ నాడు మిషన్లకంతా ఆయిలు మార్చినాం. దీనికి మాత్రం ఆయిలు రాల్యా. పూజలో దీపం నూనె మిగిలింటే, 'పారబోస్తే పాపం, మోటార్లో పొయ్యి' అన్యాడు ఓవర్సీరు సామి. ఆయప్ప ఇంటి చెంబు గూడా ఈడనే ఉండాది. మళ్లా అడగల్యా."

గూట్లో జిడ్డు పట్టిన ఇత్తడి చెంబు కనిపించింది.

"మరి ఆ మాట చెప్పవేమప్పా?"

"చెప్తే నమ్ముతారా? పోసింది నా చెయ్యే కదన్నా."

నాకు తిక్క రేగింది. చెప్పినవాడు కుర్చీలో, చేసినవాడు వీధిలో! ఆ కోపమంతా పని మీద చూపించాను. ముందుకు పోయే చక్రానికీ వెనక్కి పోయే చక్రానికీ నడుమ ఒక పళ్ల కాలరు ఇరుసు మీద జారాలి. ఎటు జారితే అటు గేరు. అది ఇరుసుకు అతుక్కుపోయింది. విప్పి కిరసనాయిల్లో నానబెట్టి, రుద్ది, లారీ డ్రైవరును బతిమాలి తెచ్చిన గేరాయిలు పోసి బిగించాను. ఈసారి లివరు తోస్తే టక్కున పడింది. గీకిన జిగురు ఒక సీసాలో దాచాను.

ఓవర్సీరు వచ్చి, "స్టార్టు చెయ్యి, శబ్దం వినాలి," అన్నాడు.

"నీళ్లల్లో ముంచకుండా నడిపితే ఇంజన్ను చల్లార్చే లోపలి పంపు కాలిపోతాది సామీ."

"డ్రమ్ములో ముంచు. ఎర్రప్పా, మీ ఆడవాళ్లను పదిహేను బిందెలు తెమ్మను. తేకపోతే నీ గతి తెలుసుగా!"

బయట నిలబడి వింటున్న ఎర్రప్ప భార్య చిన్నక్క కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"కోడి కూసినప్పటి నుంచీ బావి కాడ కాసుకుంటే రెండు బిందెలు దొరకతాండాయి. మా గొంతులు ఎండతాంటే ఆ ఇనప దయ్యానికి తాపల్లా? ఆ పొగ నీళ్లు మళ్లా గొడ్డు గూడా ముట్టదు. ఉద్యోగం పోతే పోనీ, చుక్క గూడా ఇయ్యం!"

ఎర్రప్ప ఆమెను వద్దనలేదు.

మర్నాడు పొద్దున జీపు వచ్చింది. ఇంజనీరు దిగీ దిగగానే ఓవర్సీరు మొదలుపెట్టాడు. "మోటారు పాడుచేసింది వీడే సార్. పరీక్షకు నీళ్లు కూడా తేలేదు."

"నీళ్లక్కర్లేదు సార్. లివరు మీరే పట్టుకోండి," అని చిన్నక్కను రెక్కలు తిప్పమన్నాను. లివరు నడుమ ఉంటే వట్టినే తిరిగాయి. ముందుకు తోయగానే ఇంజను బరువు తగిలి ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి లాగినా ఆగింది. ఇంజనీరు తలూపాడు.

"బాగుంది. అసలెలా చెడింది?"

సీసా మూత తీసి ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "వేరుశనగ నూనె! ఎవరు పోశారు?" అన్నాడు.

"ఎర్రప్పే సార్. వట్టి మొద్దు," అన్నాడు ఓవర్సీరు. రెప్ప కూడా వాల్చలేదు. ఛీ, ఎంత సిగ్గులేని మనిషి! నేను నోరు తెరవబోతే ఎర్రప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

చిన్నక్క మాత్రం షెడ్డులోకి పోయి గూట్లోని చెంబు తెచ్చి ఓవర్సీరు కాళ్ల ముందు పెట్టింది.

"ఇది మా చెంబు!" అని ఎగిరిపడ్డాడతను. "చూడండి సార్, మా ఆవిడ పేరు చెక్కి ఉంది. ఆయుధపూజకు మా ఇంటినుంచి నూనె పంపితే చెంబు నొక్కేశాడు. వీడు దొంగ కూడా సార్!"

ఇంజనీరు చెంబు ఎత్తి వాసన చూశాడు. మళ్లీ సీసా వాసన చూశాడు.

"ఏం నూనె పంపావయ్యా?"

"దీపం నూనె సార్... పారబోస్తే పాపం కదా, మిగిలితే..."

"మిగిలితే?"

ఇంజనీరు చెంబు కింద పెట్టి ఓవర్సీరు వైపు తిరిగాడు.

"ఎర్రప్ప ఉద్యోగం ఎర్రప్పదే. నీ సంగతి ఆఫీసులో మాట్లాడదాం," అని ఇంజనీరు మోటారు ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

జీపు దుమ్ము అణగనేలేదు, ఓవర్సీరు చిన్నక్క వైపు తిరిగాడు. అప్పుడైనా ఒక్క మంచి మాట రాలేదు.

"ఆ చెంబు జిడ్డు లేకుండా కడిగి తే."

చిన్నక్క చెంబు తీసి అతని చేతిలో పెట్టింది.

"కడుగుదామంటే నీళ్లు యాడుండాయి సామీ? అట్లే తీసకపో."